విజయ రాయితో దుమ్ముగూడెం దాకా

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లేవాళ్లు కొబ్బరికాయలు పట్టుకెళతారు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు పట్టుకెళతారు. నేను నల్ల గ్రానైటు రాయి పట్టుకెళ్లాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఇరవై కిలోల బరువు. దాని మీద నా భార్య విజయ బొమ్మ, బొమ్మ కింద నేను స్వయంగా రాసిన నాలుగు పంక్తులు. నాలుగు రోజుల ప్రయాణంలో నా నడుముకు ఏమైందో చెప్పను గానీ, ఆ రాయికి ఏమైందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది ఖమ్మంలోని ఖానాపురం హవేలి. ప్రభుత్వ హైస్కూల్లో హిందీ పండితుణ్ణి. విజయ ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేసే, గర్భిణులను చూసే నర్సు. దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక సబ్ సెంటర్‌లో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. సోమవారం తెల్లవారకముందే మొదటి బస్సెక్కి వెళ్లేది, శనివారం సాయంత్రానికి ఇంటికి చేరేది. ఈ పంతొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ ఊరు వెళ్లలేదు. మొదట్లో అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, ఆ తర్వాత పదో తరగతి పరీక్షలు, ఆ తర్వాత నా బద్ధకం. ప్రతి ఏడూ "వచ్చే ఎండాకాలం వస్తా" అనేవాణ్ణి. ఆమె కూడా పట్టుబట్టి పిలిచింది లేదు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం దండెం మీద బట్టలు ఆరేస్తూ కుప్పకూలిపోయింది. గుండె ఆగిందన్నారు. యాభై ఒక్కేళ్లు.

పదకొండో రోజు పిట్టకు పెట్టాం. తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మేం పులిహోర, పప్పుచారు, దొండకాయ వేపుడు, సేమ్యా పాయసం, గ్లాసుడు కాఫీ పెట్టాం. కాకులు వచ్చాయి, గోడ మీద కూర్చున్నాయి, చూశాయి, వెళ్లిపోయాయి. చుట్టాలు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, "నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం విజయా", "నీ మొగణ్ణి మంచిగ చూసుకుంటం విజయా" అని మాటిచ్చారు. గంటన్నర గడిచింది. చివరికి ఆవుకు పెట్టి తలలు దించుకుని ఇంటికి వచ్చాం. నేను పైకి నమ్మను అంటాను గానీ, ఆ గోడ మీది కాకులు ఏడాది పాటు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమెకు ఏం మిగిలిపోయింది? ఆలోచించీ ఆలోచించీ ఒక నిర్ణయానికి వచ్చాను: ఆమె మనసు ఆ అడవి ఊళ్లో ఉండిపోయింది, అక్కడ ఆమె పేరు నిలబెట్టాలి. సంవత్సరీకం ఇంకా నెల ఉండగా సెలవు పెట్టి బయల్దేరాను.

ముదిగొండ రోడ్డు

భద్రాచలం ఉత్తరాన ఉంటే నా యాత్ర మొదటి రోజు దక్షిణానికి సాగింది. రాయి చెక్కే షెడ్డు ముదిగొండ రోడ్డు మీద ఉంది. అక్కడ యాకూబ్ అనే పనివాడు ఫొటో చూసి రాయి మీద సూదిలాంటి పనిముట్టుతో చుక్కలు చుక్కలుగా ముఖం తెస్తాడు. ఒళ్లంతా తెల్లటి పొడి, కనురెప్పల మీద కూడా.

మా అమ్మాయి స్రవంతి హైదరాబాద్ నుంచి ఫోన్లో ఒక ఫొటో పంపింది. విజయ గొడుగు వేసుకుని, భుజాన టీకాల డబ్బా తగిలించుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. "నాన్నా, ఇదే పెట్టించండి" అంది. నాకు నచ్చలేదు. పెళ్లయిన ఏడాది స్టూడియోలో తీయించిన ఫొటో ఇచ్చాను. తలదించుకుని, జడనిండా మల్లెలు. కింద రాయడానికి నా పాండిత్యమంతా వాడాను: శాంతమూర్తి, మితభాషిణి, అనుకూలవతి, అమృతహృదయ.

యాకూబ్ ఆ కాగితం చదివి నన్ను ఒకసారి చూశాడు.

"సార్, ఇన్నేండ్ల సంది ఎంతో మందికి చెక్కిన. అందరు శాంతమూర్తులే. లొల్లి పెట్టేటోళ్లు సచ్చిపోరా ఏంది?"

నాకు కోపం వచ్చింది. "మీ ఇంట్లో పోయినవాళ్లకు ఏం రాశావు మరి?" అని అడిగాను.

"మా అమ్మకు రాయి పెట్టలె సార్. కబరస్తాన్ గోడ పక్కన జామచెట్టు పెట్టిన. ఆమెకు పండ్లు దొంగతనంగ తెంపుకునుడంటె మస్తు ఇష్టముండె. ఇప్పుడు బడి పిల్లలు గోడెక్కి తెంపుకపోతరు. నేనేమనను."

తిరిగి వస్తుంటే ఒక మిరప తోట గట్టు మీద సిమెంటు ఎద్దు విగ్రహం కనిపించింది. కొమ్ములకు కొత్తగా ఎర్రరంగు వేసి ఉంది. రైతు మందు కొడుతూ ఆగి చెప్పాడు. పదమూడేళ్లు దున్నిన ఎద్దట, పోతే ఈ గట్టునే పాతిపెట్టాడట. "మా నాయనకు విగ్రహం పెట్టలె గని ఎద్దుకు పెట్టినవని మా అన్న రెండేండ్లు మాట్లాడలె సార్," అని నవ్వాడు. "నాయన ఉంటె ఆయనే పెట్టెటోడు."

జూలూరుపాడు దగ్గర పంచరు

సోమవారం పొద్దున, యాకూబ్ చెక్కి ఇచ్చిన రాయిని గోనెసంచిలో చుట్టి, కూలీ సాయంతో భద్రాచలం బస్సెక్కించాను. కండక్టరు ఒక నడివయసు ఆవిడ. సంచిని కాలితో నెట్టి చూసింది, కదల్లేదు.

"ఏంది సార్ ఇది? టీవీనా?"

"రాయి."

"భద్రాచలంల రాళ్లు దొరుకతలేవా సార్?"

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్ కొట్టాలంది, నేను సంచి మూతి విప్పి చూపించాను. విజయ ముఖం కనబడగానే ఆవిడ మిషను మీద వేళ్లు ఆగిపోయాయి. కాసేపు చూసి, సంచి మూతి తనే ముడి వేసింది.

"ఆడోళ్లకు బస్సుల ఫ్రీ గద సార్. జీరో టికెట్ కొడదామంటె ఆధార్ కార్డు అడగాలె," అని లగేజీ టికెట్ కొట్టకుండానే వెళ్లిపోయింది. ఏడాదిలో నేను మనసారా నవ్వింది అప్పుడే. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, కిటికీ వైపు తిరిగాను.

జూలూరుపాడు దాటాక టైరు పంచరైంది. రోడ్డు పక్క హోటల్లో మిరపకాయ బజ్జీలు, పదిరూపాయల చాయ్. మా ఖమ్మంలో చాయ్ అంటే పాలు. ఇక్కడ అల్లం నాలుకను పట్టుకుంటుంది. నా పక్క సీటు కుర్రాడు శ్రీను, కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయిలో పని. రాయి సంగతి అడిగి తెలుసుకుని తన సంగతి చెప్పాడు. తండ్రి రాజయ్య డ్యూటీలో ఉన్నప్పుడే జబ్బుచేసి పోతే ఆ నౌకరి కొడుకుకు వచ్చిందట.

"హాజరు మస్టర్ల నా పేరే ఉంటది సార్. గని లోపల పాత మనుషులంత నన్ను రాజయ్యా అనే పిలుస్తరు. ఓ రాజయ్యా, జల్దీ రా అంటరు. మొదట్ల ఏడుపొచ్చేది. ఇప్పుడు నేనే పలుకుత."

"మీ నాన్న ఫొటో పెట్టుకున్నారా ఇంట్లో?"

"ఉన్నది. గని ఫొటో కంటె గదే మంచిగనిపిస్తది. ఎవరో పిలిచినప్పుడల్ల మా అయ్య ఇంక డ్యూటీల ఉన్నట్టే."

బాయిలోకి దిగే మనిషికి ఇలాంటి ఓదార్పు ఉంటుందని నాకు తెలియదు. టైరు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. శ్రీను దిగుతూ నా రాయిని సీటు కిందికి జరిపి, జారకుండా తన తువ్వాలు మడతపెట్టి దాపుగా ఉంచి వెళ్లాడు. ఆ తువ్వాలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎలా చేర్చాలో తెలియడం లేదు.

భద్రాచలం కరకట్ట

లాడ్జీ కౌంటర్లో ఉన్నాయన రాయిని లోపలికి రానివ్వలేదు. పోయినవాళ్ల రాయి గదిలో పెడితే ఆ తర్వాత దిగే పెళ్లివాళ్లు ఏమంటారని అతని భయం. బేరమాడి మెట్ల కింద, చీపుళ్ల పక్కన ఉంచాను. ఆ రాత్రి విజయను చీపుళ్ల పక్కన పడుకోబెట్టినట్టే అనిపించి బాధపడ్డాను.

అదే సాయంత్రం వంతెన వైపు నడిస్తే బండ్ల మీద గోదావరి చేపలు వేపుతున్నారు. మా ఇంట్లో నీచు వండరు. మా అమ్మ ఏదో మొక్కుకుని మానేసింది, ఆమెతో పాటు ఇల్లంతా మానేసింది. నేను ముక్కు మూసుకుని ఆ వంద గజాలూ దాటాను.

మంగళవారం పొద్దున స్నానఘట్టం దగ్గర ఒక పెద్ద వయసు పంతులుగారు కనబడితే విజయ పేర స్వయంపాకం ఇస్తానన్నాను. బియ్యం, పప్పు, కూరగాయలు దానం ఇవ్వడం అన్నమాట.

"ఆవిడకు ఇష్టమైన కూర ఏది నాయనా? అది కూడా పెట్టండి."

"దొండకాయ."

ఆయన అద్దాల పైనుంచి చూశారు. "దొండకాయ ఎవరికైనా అంత ఇష్టంగా ఉంటుందా?"

"ఎప్పుడు వండినా మారు మాట్లాడకుండా తినేదండీ."

"మారు మాట్లాడకుండా తినడం ఇష్టమవుతుందా?" అన్నారు ఆయన, దొండకాయల కవరు అందుకుంటూనే. ఈ పంతుళ్లకు ప్రతిదానికీ ఒక మెలిక పెట్టడం అలవాటు అనుకుని వచ్చేశాను.

దుమ్ముగూడెం దాటాక

దుమ్ముగూడెం దాకా షేర్ ఆటో. ఒక పక్క గోదావరి, మరో పక్క మిరప తోటలు. అక్కడి నుంచి అడవిలోకి ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. చుట్టూ చలికాలపు టేకు చెట్లు, ఆకులు గట్టిపడి, కొన్ని రాలుతూ. కల్వర్టు దగ్గర ఆటో ఎగిరిపడింది, రాయి జారింది, పై మూల వేలెడంత విరిగింది. జడలో మల్లెపూలు రెండు పోయాయి. డ్రైవరు దిగి దండం పెట్టుకున్నాడు, నాకా రాయికా తెలియలేదు.

ఆ పల్లె పేరు రాయను, రాయొచ్చా అని వాళ్లను అడగలేదు. ముప్పై, నలభై ఇళ్లు. పేడతో అలికిన అరుగులు. వాళ్లలో వాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. సబ్ సెంటర్ రెండు గదుల భవనం. ఆశా కార్యకర్త ముత్తమ్మ ఎదురొచ్చింది. విజయతో పన్నెండేళ్లు కలిసి తిరిగిన మనిషి. నేనెవరో చెప్పగానే "సిస్టరమ్మ సారు వచ్చిండు" అని కేక వేసింది. పది నిమిషాల్లో పాతికమంది పోగయ్యారు.

నేను గోనెసంచి విప్పి, రాయిని అరుగుకు ఆనించి, తువ్వాలుతో తుడిచి పక్కకు తప్పుకున్నాను. మా స్కూల్లో ఆగస్టు పదిహేనుకు తాడు లాగి జెండా ఎగరేసినప్పటి గర్వం నాకు.

ఒక ముసలమ్మ వంగి దగ్గరగా చూసి అడిగింది: "ఎవరీమె?"

"విజయ... మీ సిస్టరమ్మ."

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకొకామె, "సినిమాల మనిషి లెక్కున్నది" అంది. ముత్తమ్మకు నా మొహం చూసి జాలేసినట్టుంది. బొమ్మ వదిలేసి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"మితభాషిణి అంటే ఏంది సారూ?"

"తక్కువ మాట్లాడేది అని."

ఒక్కసారిగా నవ్వారు. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేంత నవ్వు. ముత్తమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పు వట్టకు సారూ. వాగు అవతలి నుంచి పిలిస్తె ఊళ్ల కుక్కలన్ని లేచేటియి. నీకు తెల్వదా?"

ఇంకో యువతి అందుకుంది. "నన్ను కాన్పుకు దవాఖానకు తోలుకపోనని మా ఆయన కూసుంటె, ఆయన చెప్పులు రెండు తీసి వాగుల ఇసిరేసింది సారూ. చెప్పుల కోసం దిగుతవా, పెండ్లాం కోసం బండి కడతవా అన్నది." ఆ చెప్పులాయన పక్కనే నిలబడి సిగ్గుపడుతున్నాడు. వాళ్ల పాప అతని కాలు పట్టుకుని నిలబడి ఉంది.

నిజం చెప్పాలి. నాకు మొదట అవమానం అనిపించింది, తర్వాత అసూయ కలిగింది. శనివారం సాయంత్రం చెప్పులు సద్దు లేకుండా విడిచి, వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి నాకు తెలుసు. వాగు అవతలి నుంచి కేకవేసే మనిషిని నేను చూడనే లేదు. ఆ మనిషి పంతొమ్మిదేళ్లు వీళ్లకు దక్కింది, నాకు ఆదివారాలు మిగిలాయి, అవీ బట్టలుతికే ఆదివారాలు.

రాళ్ల దగ్గర

పొద్దు వాలుతుండగా జోగయ్య అనే పెద్దాయన, "రాళ్లు చూద్దువు రా సారూ" అని నన్ను ఊరి బయటికి తీసుకెళ్లాడు. ముత్తమ్మ కూడా వచ్చింది. టేకు చెట్ల మధ్య వరసగా నిలబెట్టిన రాళ్లు, కొన్ని మోకాలెత్తు, కొన్ని నా భుజం ఎత్తు. వంశాలను వాళ్లు గట్టులంటారు. ఎవరి గట్టు వాళ్లకు వేరే చోటు. ఒక రాయికి ఎండిపోయిన పశువు తోక కట్టి ఉంది. పోయినాయన పేర పశువును కోసి ఊరందరికీ భోజనం పెట్టిన గుర్తట. ఏ రాయి మీదా ఒక్క అక్షరం లేదు.

"గిది మా అయ్యది. గా పొట్టిది మా మేనత్తది, ఆమె గూడ పొట్టిదే. గా వంకరది మా చిన్నాయనది," అంటూ జోగయ్య ఒక్కో రాయినీ చేత్తో తట్టాడు. బంధువుల ఇంట్లో పరిచయాలు చేస్తున్నట్టే ఉంది.

"పేర్లు రాయకపోతే తర్వాత వాళ్లు మరిచిపోరా?" అన్నాను. పండితుడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"మరిచిపోకుండనే గద వస్తుంటం. వాళ్లు తినేటియి తెస్తం, పెడతం, ఇక్కడ్నే కూసొని తింటం. తినుకుంట వాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటం." ఆయన ఒక క్షణం ఆగి అడిగాడు. "సిస్టరమ్మకు మీరేం పెట్టిన్రు సారూ?"

నేను పదకొండో రోజు సంగతి మొత్తం చెప్పాను. కాకుల సంగతి కూడా. ఏడాదిగా ఎవరికీ చెప్పని భయం కూడా చెప్పాను. పులిహోర, పప్పుచారు, దొండకాయ అని వరస చెబుతుంటే ముత్తమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"దొండకాయనా? సిస్టరమ్మకా?"

"అవును. ఏం?"

"ఏం లేదు సారూ."

"చెప్పు ముత్తమ్మా."

ఆమె జోగయ్య వైపు చూసింది. జోగయ్య తల ఊపాక చెప్పింది. "ఎండుచేపల పులుసు లేకుంటె ఆమెకు ముద్ద దిగకపోయేది సారూ. గోంగూరేసి నేను వండిస్తుంటి. శుక్కురారం నాడైతె గిన్నె నాకేది. శనారం బస్సెక్కే ముందు మూడు మాట్ల సబ్బుతోటి చేతులు కడుక్కొని, లవంగం నోట్లేసుకునేది. ఇంట్ల తెలిస్తె మా అత్త ప్రాణం తీస్తది ముత్తమ్మా అనేది."

నేను జోగయ్య మేనత్త పొట్టి రాయి పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

లవంగం! ప్రతి శనివారం విజయ దగ్గర లవంగం వాసన వచ్చేది. పంటినొప్పి అనుకుని ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్లాను. ఆయన పళ్లన్నీ తట్టి చూసి బాగానే ఉన్నాయన్నాడు. అయినా నేను ఊరుకోలేదు, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నోరు తెరుచుకుని కుర్చీలో కూర్చుంది తప్ప ఒక్క మాట అనలేదు. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత కూడా వంటింట్లో అమ్మ నియమమే నడిచింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇరవై నాలుగేళ్లు నా పక్కన కూర్చుని దొండకాయ తిన్నది. చివరికి పోయాక కూడా దొండకాయే పెట్టాను.

అక్కడే, వాళ్లిద్దరి ముందూ, మొట్టమొదటిసారి గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను కూడా. ఏడాది పాటు నన్ను తిన్న భయం ఎండుచేపల పులుసా! కాకుల తప్పేం లేదు. ఆమెకు తీరని కోరిక ఏదీ లేదు. ఎవరి విస్తరో వేసి ఆమెను పిలిచాం, అంతే.

ఊళ్లో ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గరే వస్తుంది. అక్కడ నిలబడి స్రవంతికి చెప్పాను.

"నాకు తెలుసు నాన్నా," అంది. "హాస్టల్లో ఉన్నప్పుడు చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఇద్దరం హోటల్‌కి వెళ్లి చేపలే తినేవాళ్లం. పిట్టకు పెట్టిన రోజు నోటిదాకా వచ్చింది. అత్తయ్యలందరి ముందు ఎలా చెప్పను? మీరు ఏమంటారో అని భయపడ్డాను."

"నేనేమంటాననుకున్నావు?"

"మీరేమీ అనరు నాన్నా. అదే కదా ఇబ్బంది. ఏమీ అడగరు కూడా."

నేను అడగడం మొదలుపెట్టాను. ఇంకేం ఇష్టం అమ్మకు? ఏ హోటలు? ఏ చేప? చార్జింగ్ అయిపోయేదాకా అడిగాను.

బుధవారం

బుధవారం టీకాల రోజు. విజయ స్థానంలో వచ్చిన చిన్నవయసు సిస్టరు డబ్బా దించుకుని పని మొదలుపెట్టింది. పిల్లల తల్లులు సబ్ సెంటర్ ముందు వేపచెట్టు కింద, మట్టిలో, చంకల్లో పిల్లలతో నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి ఏమీ లేదు. విజయ ఉన్నప్పుడు కూడా ఇంతే. బల్ల కోసం విజయ ఆఫీసుకు ఎన్ని కాగితాలు రాసిందో ముత్తమ్మ చెప్పింది.

నా రాయి అరుగుకు ఆనుకుని ఉంది. తలదించుకున్న, మల్లెలు పెట్టుకున్న ఆ అమ్మాయి కూడా నా విజయే, అబద్ధం కాదు. కానీ ఇక్కడ ఆమెను ఎరిగినవాళ్లు లేరు.

"ఇది బల్లగా వేద్దాం," అన్నాను.

ముత్తమ్మ ఒప్పుకోలేదు. "పేరు మీద, మొఖం మీద కూసుంటమా సారూ? పాపం కాదా?"

"అక్షరాలు కిందికి పెడదాం."

జోగయ్య ఒక్కసారి నా మొహంలోకి చూశాడు, నిజంగానే అంటున్నానా అని. అతనూ చెప్పులు పోగొట్టుకున్న ఆయనా కలిసి రెండు గుండ్రాళ్లు దొర్లించుకొచ్చి, కింద మట్టి దిమ్మిసా కొట్టి, గ్రానైటు రాయిని బోర్లా పరిచారు. మితభాషిణి, శాంతమూర్తి నేలవైపు తిరిగిపోయాయి. అంతలోనే ఒక బాలింత వచ్చి, చేత్తో రాయి మీది మట్టి దులిపి, పిల్లవాణ్ణి ఒళ్లో సర్దుకుని కూర్చుంది. సూది పడింది, పిల్లవాడు ఊరంతా వినబడేలా ఏడ్చాడు.

మధ్యాహ్నం ముత్తమ్మ వాళ్ల అరుగు మీద భోజనం. ఎండుచేపల పులుసు, గోంగూర, వేడన్నం. ముత్తమ్మ ముందుగా ఒక ఆకులో కొంచెం తీసి అరుగు చివర పెట్టింది. నేను అలవాటు చొప్పున చెట్ల వైపు చూశాను.

"ఎవరి కోసం చూస్తున్నవ్ సారూ?" అంది.

"పిట్ట ముట్టాలి కదా."

"ముట్టేటప్పుడు ముడతది. మనం తిందాం. అన్నం సల్లారిపోతది."

జీవితంలో మొదటిసారి చేప నోట్లో పెట్టుకున్నాను. వాసనకు ముక్కు చిట్లించుకుని మింగాను. రెండో ముద్దకు ముల్లు గొంతులో గుచ్చుకుని దగ్గాను, వాళ్లు నవ్వి, ఉత్త అన్నం ముద్ద మింగమన్నారు. మూడో ముద్దకు పులుపు, కారం, ఉప్పు వేటికవి తెలిశాయి. నాలుగోది నేనే పెద్దది కలుపుకున్నాను. వాళ్లు విజయ ముచ్చట్లు చెబుతున్నారు, నేను లవంగం సంగతి, ఇద్దరు పళ్ల డాక్టర్ల సంగతి చెబుతున్నాను. జోగయ్యకు నవ్వి నవ్వి పొలమారింది. సంవత్సరీకం రోజు మా ఖమ్మం ఇంటి వంటింట్లో ఈ పులుసే కాగుతుందని, ముత్తమ్మే వచ్చి వండాలని అప్పుడే చెప్పేశాను. మా చెల్లెళ్లు ఏమంటారో తర్వాత చూసుకుందాం.

ముత్తమ్మ గరిటె ఎత్తేలోపే నేను నా గిన్నె ముందుకు జరిపాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"సిస్టరమ్మ గూడ గిట్లనే సారూ," అంది. "ఏమనకపోయేది. గీడనే కూసొని, గిన్నె గిట్ల జరిపేది."